మనుబోతు నీ కోసం రాలేదు

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మెదక్ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇష్టంగా, రెండోసారి పెన్సిలు పట్టుకుని. చర్చిలో ఆరాధన అయ్యాక పోచారం అభయారణ్యం వైపు వెళ్తుంటే పొదల్లోంచి మనుబోతు, అదే నీల్‌గాయ్, బయటికొచ్చిందన్నావు. బాగుంది. ఆ వెంటనే "నా ప్రార్థనకు జవాబుగా దేవుడు పంపిన దూతలా నిలబడింది" అన్నావు. ఆ వాక్యం కొట్టేశాను. ఎందుకు కొట్టేశానో చెప్పాలనే ఈ ఉత్తరం.

అది మేతకో నీళ్ళకో వచ్చింది నాయనా. నిన్ను చూసి బెదిరి ఆగిపోయింది. నువ్వు దాన్ని దూతను చేసేసరికి జంతువు మాయమై నీ భావమొక్కటే మిగిలింది. ఇంతకీ అది మగదా, ఆడదా? మగదైతే ఒళ్ళు నీలం కలిసిన బూడిదరంగులో ఉంటుంది, గొంతు కింద వెంట్రుకల కుచ్చు వేలాడుతుంది. ఆడదైతే గోధుమరంగు, కొమ్ములుండవు. గిట్టల పైన తెల్లటి పట్టీలు చూశావా? చెవులు ఎటు తిప్పింది? ఇవి రాయి, చదివేవాడికి ఒళ్ళు దానంతటదే జలదరిస్తుంది. మరోచోట దాన్నే 'జింక' అన్నావు, ఇంకోచోట 'అడవి ఆవు' అన్నావు. మనుబోతు అనే చక్కటి మాట మనకుండగా అవెందుకు?

చర్చి దగ్గరా ఇదే పని చేశావు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ, 175 అడుగుల గోపురం, రంగుటద్దాల కిటికీలు, అన్నీ రాశావు. కరువు రోజుల్లో ఆ పనికి పోయి కడుపు నింపుకున్న జనం కట్టిన గోడలవి. చర్చి కట్టించిన పాస్నెట్ దొర పేరు రాసి, రాళ్ళు మోసిన వాళ్ళను వదిలేశావు. పాస్టరుగారు వాక్యం చెప్తుండగానే లేచి కిటికీలకు ఫొటోలు తీశానని కూడా రాశావు. అది నాకు నచ్చలేదు.

నీ పక్కన కూర్చున్న పెద్దావిడ గురించి మాత్రం ఒక్క ముక్క ఉంది. పాటల పుస్తకం నీ ముందుకు జరిపి, పాడుతున్న చరణం మీద వేలు పెట్టి చూపించిందని. వ్యాసం మొత్తంలో నన్ను ఆపేసిన వాక్యం అదే. ఆ వేలు ఎలా ఉంది? నాటు వేసిన చెయ్యా, బీడీలు చుట్టిన చెయ్యా? ఆమె చదివి చూపించిందా, పాట కంఠతా వచ్చి పేజీ గుర్తుపట్టిందా? ఆశీర్వాద ప్రార్థన దాకా కూర్చుని ఉంటే, బయట చెప్పులు వెతుక్కునేటప్పుడు "వందనాలమ్మా" అని రెండు మాటలు మాట్లాడేవాడివి. నీది ఆ మతం కాకపోయినా ఫరవాలేదు. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే వేళ నీ చోటనే నెమ్మదిగా కూర్చో, ఎవరూ ఏమీ అనుకోరు.

నేనూ తప్పు చేశాను. చాలా ఏళ్ళ క్రితం అదే దారిలో, నర్సాపూర్ అడవి దగ్గర కారు ఆపి కోతులకు అరటిపళ్ళు విసిరాను. ఒక పండు తారురోడ్డు మీద పడింది. పొట్టకు పిల్లను హత్తుకున్న తల్లి కోతి దానికోసం వచ్చింది. లారీ హారను వినిపించింది. తల్లి తప్పించుకుంది, పిల్ల దక్కలేదు. అది పిల్లను ఒళ్ళో పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చుని పేలు చూసినట్టు జుట్టు పాయలు తీస్తూ ఉంది. ఇంటికొచ్చి కోతుల చెలిమి మీద వ్యాసం రాశాను. లారీ సంగతి రాయలేదు. అచ్చయింది, అందరూ మెచ్చుకున్నారు. ఇప్పటికీ ఆ కాగితం చూడలేను.

వచ్చే ఆదివారం మెదక్ దాకా వద్దు. నీ ఇంటికి దగ్గర్లో తెలుగు ఆరాధన జరిగే చర్చికి వెళ్ళి, ఫోను జేబులోంచి తీయకుండా వెనక వరుసలో చివరిదాకా కూర్చో. తర్వాత వనస్థలిపురం హరిణ వనస్థలికి వెళ్ళు. ఒకప్పుడు నిజాం వేటాడిన నేల అది, 1975 నుంచి కృష్ణజింకలకు రక్షణ ఉన్న చోటు. దూరంగా నిలబడి ఒక్క జింకనే, అది కనిపించినంతసేపూ చూడు. పోలికలేవీ లేకుండా రెండు పేజీలు రాసి పట్టుకురా. బుధవారం సాయంత్రం ఇంట్లోనే ఉంటాను.

నీ మేలు కోరే
మాస్టారు