యువ రచయిత్రికి లేఖ: వెరైటీ అన్న మాట గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. తాత, మనవరాలు బాగా కుదిరారు. మామిడిపళ్ల బజారు దగ్గర మాత్రం నాకు నిరాశ కలిగింది. 'రకరకాల వెరైటీల పళ్లు' అని రాసి దాటిపోయావు. రకమన్నా వెరైటీ అన్నా అక్కడ ఒకటే కదా! రెండూ కలిసినా నాకు ఒక్క పండూ కనబడలేదు.

నీ తాతకు నోట పళ్లు లేవని మొదటి పేజీలోనే చెప్పావు. బంగినపల్లి కోసుకుని తినే పండు. చిన్నరసం మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, జుర్రుకునేది. మనవరాలు పచ్చగా మెరిసే బంగినపల్లి బుట్ట దాటిపోయి చిన్నరసాలు ఏరుకుంటే చాలు, తాత మీద ఆమెకున్న ప్రేమ గురించి నువ్వు రాసిన ఆ రెండు పేరాలూ కొట్టేయవచ్చు. పెద్దరసం, చెరకురసం, సువర్ణరేఖ, కొత్తపల్లి కొబ్బరి... ఇన్ని పేర్లు పెట్టుకున్న జాతి మనది. కథకు కావలసిన ఒకటి రెండు ఏరుకో, అన్నీ గుమ్మరించకు.

వెరైటీ మాట వాడవద్దని నేననను. అది మన నోట స్థిరపడింది. విందులో స్వీట్లు ఎన్ని వెరైటీలంటే రకాలని అర్థం. చీర వెరైటీగా ఉందంటే కొత్తగా ఉందని, మనిషి వెరైటీ అంటే కాస్త వింతవాడని. ఈ చివరి రెండు వాడుకలూ మనవే, ఇంగ్లీషువాళ్లు ఆ మాటను అలా వాడరు. పాత్రల నోట హాయిగా పలికించు. కథనంలో నీ గొంతుతో రాసేటప్పుడు మాత్రం కొత్తదా, వింతదా, మరో రకమా అని తేల్చుకుని రాయి. అన్నట్టు, 'వైవిధ్యత' అని రాశావు. వివిధ నుంచి వచ్చిన వైవిధ్యానికి మళ్లీ 'త' అక్కర్లేదు.

ఇక నీ రైతు 'ఈసారి వెరైటీ మార్చాను' అంటాడు. ఆ మాట ముట్టుకోవద్దు. వంగడమని దిద్దితే పుస్తకం వాసన వస్తుంది. పొలం గట్టున వెరైటీ అంటే చాలా కచ్చితమైన మాట, దాని వెనుక ఒక అంకె ఉంటుంది. వరిలో 5204 అంటే బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి. 7029 అంటే మారుటేరు నుంచి 1982లో వచ్చిన స్వర్ణ. 1010 అంటే కాటన్‌దొర సన్నాలు. సాంబ మసూరి కోతకు రావడానికి సుమారు 150 రోజులు పడుతుంది, 1010కి 120 చాలు. కాలువ నీరు ఆలస్యమైన ఏడాది '5204 మానేసి 1010 వేశా' అని రైతు అన్నాడంటే నీళ్ల కరువు, 5204కి వచ్చే మంచి ధర మీద వదులుకున్న ఆశ రెండూ ఆ ఒక్క మాటలో వినబడతాయి.

నీ రైతు ఏది మాని ఏది వేశాడో నాకు తెలియలేదు. ఆయన పొలం కాలువ కిందో, బోరు కిందో ముందు తేల్చుకో. ఆ సంభాషణ మళ్లీ రాసి పంపు. వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో.