గీత గీయించే ముందు సున్నా దగ్గర ఏముందో అడుగు

తిరుపతి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఎనిమిదో తరగతిలో పిల్లలు నేర్చిన అనులోమానుపాతాన్ని (ఒకటి ఎన్ని రెట్లయితే రెండోదీ అన్ని రెట్లవడం), తొమ్మిదిలో వచ్చే రెండు చరరాశుల రేఖీయ సమీకరణాలతో కలిపి గ్రాఫుగా చెప్పాలనుకుంటున్నానని చిత్తూరు నుంచి రాశావు. వై = కె ఎక్స్ అని మొదటి రోజే నల్లబల్ల మీద రాయవద్దు; పిల్లలు ఎక్కిన మెట్లతో మొదలుపెట్టు.

అలిపిరి దారిలో మెట్లు 3,550. ఒక మనిషి ఎక్కడా ఆగకుండా నిమిషానికి 25 చొప్పున ఎక్కుతున్నాడనుకోమని చెప్పి, 10 నిమిషాలకు 250, 20కి 500, 40కి 1,000 అని పట్టికను వాళ్ల చేతనే నింపించు. ప్రతి వరుసలోనూ మెట్లను నిమిషాలతో భాగిస్తే వచ్చే ఆ మారని 25 అనుపాత స్థిరాంకం, అంటే ఆ కె. రేపు గీత గీశాక దాని వాలు, అంటే ఒక్కో నిమిషానికి గీత ఎన్ని మెట్లు పైకి లేస్తుందో, అది కూడా అదే.

గ్రాఫు కాగితం మీద అడ్డంగా 1 సెంటీమీటరుకు 10 నిమిషాలు, నిలువుగా 1 సెంటీమీటరుకు 250 మెట్లు తీసుకుంటే గీత 45 డిగ్రీల కోణంలో లేస్తుంది. నిలువు స్కేలును 500 మెట్లకు మార్చి మళ్లీ గీయించు. గీత కిందికి వాలినట్టు కనబడుతుంది, వేగం తగ్గిందనేవాళ్లు తరగతిలో తప్పక ఉంటారు. తొందరపడి సరిదిద్దకుండా, రెండు కాగితాల మీదా 10 నిమిషాల దగ్గర ఎన్ని మెట్లున్నాయో చదవమను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక పెద్ద పొరపాటు చేశాను. మొదటి బిందువు నుంచి చివరి బిందువు దాకా స్కేలుబద్దతో కలిపించి ఊరుకునేవాణ్ణి. సున్నా నిమిషాల దగ్గర ఏముందని ఒక్కసారీ అడగలేదు. ఆ ఏడాది పిల్లలు కనబడిన ప్రతి సరళరేఖనూ అనులోమానుపాతమని రాశారు. ఆ జవాబు పత్రాలు దిద్దుతున్నప్పుడు, తప్పు నాదేనని తెలిసి చాలా బాధపడ్డాను.

అందుకే రెండో మనిషిని తీసుకురా. మనం గడియారం చూడటం మొదలుపెట్టేసరికే అతడు 300 మెట్లు ఎక్కి ఉన్నాడు, వేగం మాత్రం అదే 25. ఎక్స్ నిమిషాలు, వై మెట్లు అనుకుంటే అతడి సమీకరణం వై = 25 ఎక్స్ + 300; మొదటి గీతకు సమాంతరంగా సాగే సరళరేఖే వస్తుంది గాని, 10 నిమిషాలకు అతడు చేరిన 550ని భాగిస్తే 55, 20 నిమిషాలకు చేరిన 800ని భాగిస్తే 40. నిష్పత్తి నిలవదు, గీత మూలబిందువు (రెండు అక్షాలూ కలిసే సున్నా) గుండా పోదు. ఈ రెండింటినీ ఒకే కాగితం మీద రెండు రంగుల్లో గీయించడానికి పీరియడంతా పట్టినా ఫరవాలేదు. ఈ పాఠంలో నేను అన్నింటికన్నా విలువైనదిగా భావించే గంట అది.

బిందువులు మూడు పెట్టించు. గీతకు రెండు చాలు గాని, మూడోది గీత మీద పడకపోతే లెక్క ఎక్కడో తప్పిందని పిల్లవాడికే తెలుస్తుంది. మొదటి మనిషి గీతను కుడివైపు ఎక్కడిదాకా పొడిగించాలో కూడా అడుగు. 3,550ని 25తో భాగిస్తే 142 నిమిషాలు. అక్కడికి మెట్లు అయిపోతాయి, గీత కూడా అక్కడే ఆగాలి.

మామయ్య