దేవునికి సంతాపమా, పశ్చాత్తాపమా?

సందేహం: తెలుగు బైబిలు ఆదికాండం ఆరో అధ్యాయంలో, జలప్రళయానికి ముందు, నరులను చేసినందుకు యెహోవా ‘సంతాపము నొంది తన హృదయములో నొచ్చుకొనెను’ అని ఉంది. అప్పటికి ఎవరూ మునిగి చనిపోలేదు కదా, మరి సంతాపం ఎవరికి? పశ్చాత్తాపమని అర్థమైతే, సర్వజ్ఞుడైన దేవుడు తప్పు ఒప్పుకొన్నట్లు కాదా? – ఒక పాఠకురాలు

సమాధానం: చావు ఉంటేనే సంతాపం ఉంటుందన్నది పత్రికలూ సంస్మరణ సభలూ మనకు చేసిన అలవాటు. పైగా ‘మృతులకు సంతాపం తెలిపారు’ అని రాస్తున్నారు. పోయినవారికి సంతాపం ఎలా తెలుపుతారు? మృతికి సంతాపం, కుటుంబానికి సానుభూతి అనాలి. ఇంత నిండైన మాటను శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి పరిమితం చేయడం నాకు కష్టంగా ఉంటుంది.

దీనికి మూలమైన ‘తప్’ ధాతువుకు కాగడం, కాల్చడం అని అర్థం. కాల్చేవాడు గనుక సూర్యుడు తపనుడు, ఎండ ఆతపం, ఆ ఎండ నుంచి కాపాడే గొడుగు ఆతపత్రం. ఒళ్లు మరిగించుకొని చేసేది తపస్సు. ఆధ్యాత్మికం, ఆధిభౌతికం, ఆధిదైవికం అనే మూడు బాధలు తాపత్రయం; సంఖ్య సంగతి మరచి ఈ రోజుల్లో దాన్ని ఉత్త ఆరాటం చేసేశాం. ఇక ‘సమ్’ చేరగా ఏర్పడిన సంతాపం ఒళ్లంతా కమ్ముకొన్న వేడి. అందుకే ఆయుర్వేదం జ్వర లక్షణాలలో సంతాపాన్ని చెప్పింది. ఒంటి వేడిని చెప్పే మాటే మనసు వేడికీ వచ్చింది. తరువాత పుట్టే వేడి పశ్చాత్తాపం, అనుతాపమూ అదే. వ్యుత్పత్తిని బట్టి చూస్తే పశ్చాత్తాపంలో నేరాంగీకారం లేదు, చేసినదాన్ని తలచుకొని కాగిపోవడమే ఉంది. నేరాన్ని అంటగట్టింది వాడుక. వాడుక బలవత్తరమే కనుక, మీ అభ్యంతరాన్ని నేను కొట్టిపారేయను.

అయితే చిక్కు తెలుగుతో మొదలు కాలేదు. ఇక్కడి హీబ్రూ ధాతువు ‘నహమ్’. దానికి మనసు మార్చుకోవడం, దుఃఖించడం, ఓదార్చడం అనే అర్థాలన్నీ ఉన్నాయి. సమూయేలు మొదటి గ్రంథం పదిహేనో అధ్యాయంలో, సౌలును రాజుగా చేసినందుకు దేవుడు పశ్చాత్తాపపడినట్లు 11, 35 వచనాలు చెబుతుంటే, నడుమ 29వ వచనం ‘పశ్చాత్తాప పడుటకు ఆయన నరుడు కాడు’ అంటుంది. మూడు చోట్లా ఇదే ధాతువు. అక్కడ మన అనువాదకులు మూడింటికీ ఒకే మాట వేసి, మూలంలోని వైరుధ్యాన్ని దాచకుండా చూపారు. ఆదికాండంలో మాత్రం సంతాపము అన్నందువల్ల ఈ రెండు ఘట్టాల బంధుత్వం తెలుగు పాఠకుడికి కనబడదు. ఇంకొక నష్టమూ ఉంది. జలప్రళయంలో ఓడతో బతికి బయటపడిన నోవహు పుట్టుక ఆదికాండం ఐదో అధ్యాయంలో ఉంది. తండ్రి లెమెకు, ఇతడు మనకు నెమ్మది కలుగజేస్తాడని బిడ్డకు ఆ పేరు పెట్టాడు. ఆ నెమ్మది కలుగజేయడమూ ‘నహమ్’ ధాతువే. బిడ్డ పుట్టినప్పుడు ఊరటగా పలికిన ధాతువు కొన్ని వచనాలు దాటేసరికి సృష్టికర్త దుఃఖమైంది. అనువాదంలో ఇది పోవడం నాకు బాధగా ఉంటుంది.

కాబట్టి ఇక్కడ సంతాపం పరామర్శ కాదు, లోపలి మంట. ఆ మాట తప్పు అనను. నన్నడిగితే పరితాపం అంటాను, దానికి చావు వాసన ఇంకా అంటలేదు. పశ్చాత్తాపం అన్నవారితోనూ పోట్లాడను.

పసిబిడ్డలూ నోరులేని జంతువులూ ఏం చేశారని మునగాలి అన్న ప్రశ్న మీ ఉత్తరంలో లేకపోయినా దాని వెనుక ఉంది. దాన్ని ఏ వ్యుత్పత్తీ తీర్చదు. కాని ‘నొచ్చుకొనెను’ అన్న క్రియను దాటిపోకండి. నొప్పి, నొవ్వు, నోవు దీని తోబుట్టువులు. అయినవాళ్ల మాటకు మనసు చివుక్కుమంటే మన ఇళ్లలో నొచ్చుకొన్నారనే అంటాం. దీనికి హీబ్రూ మూలంలో ఉన్న ధాతువు నుంచి పుట్టిన మాటనే ఆదికాండం మూడో అధ్యాయం హవ్వ ప్రసవ వేదనకూ, ఆదాము సేద్యపు ప్రయాసకూ వాడింది. నరులకు శాపంగా విధించిన ఆ నొప్పే ఇక్కడ దేవుని హృదయంలో ఉందని మూలం అంటోంది.