ఎండ దెబ్బకు ఉసిరి, పెన్నేరు: కోళ్లకు ఎప్పుడు, ఎంత ఇవ్వాలి?

ప్రశ్న: మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. 3,000 చదరపు అడుగుల రేకుల షెడ్డులో 3,000 బ్రాయిలర్ కోళ్లు పెంచుతున్నాను. గత మే నెలలో అమ్మకానికి సిద్ధంగా ఉన్న కోళ్లు మధ్యాహ్నం పూట వగరుస్తూ చనిపోయాయి. ఉసిరి, తులసి, అశ్వగంధ పొడులు మేతలో కలిపితే ఎండను తట్టుకునే శక్తి వస్తుందంటున్నారు. నిజమేనా? ఎంత కలపాలి? ఇప్పుడు షెడ్డులో 9 రోజుల పిల్లలున్నాయి.

జవాబు: ఈ మూలికలు మేలు చేస్తాయి. అయితే ముందు నుంచీ ఇచ్చినప్పుడే చేస్తాయి. వగర్పు మొదలైన కోడిని ఏ మూలికా కాపాడలేదు. మీ పిల్లల వయసు 9 రోజులే కాబట్టి, మొదలుపెట్టడానికి ఇదే సరైన సమయం.

కోడికి చెమట గ్రంథులు లేవు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. బయటి ఎండ దానికి దగ్గరగా వచ్చినప్పుడు, నోరు తెరిచి వగర్చి, ఊపిరితో పాటు తేమను బయటికి పంపి చల్లబడడం తప్ప దానికి వేరే దారి లేదు. అలా అదే పనిగా వగరిస్తే రక్తంలోని బొగ్గుపులుసు వాయువు మితిమీరి బయటికి పోయి రక్తంలో క్షార గుణం పెరుగుతుంది. మరోవైపు ఒత్తిడి హార్మోను పెరిగి, రోగ నిరోధక శక్తి తగ్గి, కణాలు దెబ్బతింటాయి. మూలికలు పనిచేసేది ఈ రెండో చోటే. కోడి తనకు కావలసిన సి విటమిన్‌ను మూత్రపిండాల్లో తానే తయారు చేసుకుంటుంది గానీ, ఎండలకు అది చాలదు. ఆ లోటును ఉసిరి కొంత పూడుస్తుంది, అందులోని వగరు పదార్థాలు కణాలకు రక్షణగా నిలుస్తాయి. అశ్వగంధ, అంటే మన మెట్ట ప్రాంతాల్లో పెన్నేరు అని పిలిచే మొక్క వేరు, ఒత్తిడి హార్మోనును అదుపులో ఉంచడానికి తోడ్పడుతుంది. తులసి ఈ రెండింటికీ తోడుగా ఉంటుంది తప్ప వాటికి బదులు కాదు.

100 కిలోల మేతకు ఉసిరి పొడి 500 గ్రాములు, పెన్నేరు వేరు పొడి 500 గ్రాములు చాలు. తులసి ఆకు పొడి కలపదలిస్తే 250 గ్రాములు మించనవసరం లేదు. ముందుగా ఈ పొడులను రెండు మూడు కిలోల మేతలో బాగా కలిపి, ఆ తర్వాతే మొత్తం మేతలో కలపండి. ఎక్కువ వేస్తే ఎక్కువ బలమని మాత్రం అనుకోవద్దు: ఉసిరి వగరు మితిమీరితే కోళ్లు మేత తగ్గిస్తాయి, మాంసకృత్తులు సరిగా జీర్ణం కావు. ఉసిరిని నీడలోనే ఎండబెట్టండి. తేమ మిగిలిన పొడికి బూజు పడితే, ఆ బూజు విషం ఎండ కంటే ముందే కోళ్ల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎండలు ముదిరిన రోజుల్లో 100 కిలోల మేతకు 20 నుంచి 25 గ్రాముల సి విటమిన్ పొడి కూడా కలపవచ్చు. ఉసిరి ఇస్తున్నాం కదా అని దీన్ని మానవద్దు.

ఇక, మీ కోళ్లు అమ్మే వయసులోనే ఎందుకు పోయాయో ఆలోచించండి. కండ పట్టిన కోడి తన ఒంట్లోనే ఎక్కువ వేడిని పుట్టిస్తుంది. మేత అరిగేటప్పుడు పుట్టే వేడి దానికి తోడవుతుంది. ఉదయం తొమ్మిది, పది గంటలకు కడుపు నిండా తిన్న కోడికి ఆ వేడి సరిగ్గా మిట్టమధ్యాహ్నపు ఎండతో కలుస్తుంది. అందువల్ల వేసవిలో తెల్లవారుజామున నాలుగు గంటలకే లైటు వేసి మేత పెట్టి, తొమ్మిదింటికల్లా మేత తొట్లను పైకెత్తేసి, మళ్లీ సాయంత్రం ఎండ చల్లబడ్డాకే దించండి. అప్పుడు ఒక్కసారిగా ఎగబడి తొక్కుకోకుండా తొట్లు సరిపడా ఉండాలి. కోడికి ఒక చదరపు అడుగు చోటు వేసవికి చాలదు. వచ్చే బ్యాచ్‌కు 2,500 పిల్లలనే దించండి.

నీటి విషయంలో ఒక పని మీరే స్వయంగా చేసి చూడండి. మధ్యాహ్నం రెండు గంటలకు షెడ్డు చివర కోళ్లు నీళ్లు తాగే నిపుల్‌ను నొక్కి, ఆ నీటిని అరచేతిలో పట్టండి. చేతికి వెచ్చగా తగిలితే కోడి ఆ నీళ్లు తగినన్ని తాగదు. అప్పుడు నీటిలో ఎంత మంచి మందు కలిపినా వృథాయే. ట్యాంకును నీడలోకి మార్చి తడి గోనెలు చుట్టండి, మధ్యాహ్నం గంటకోసారి పైపులోని వేడి నీటిని వదిలేయండి. రేకుల మీద సున్నం వేసి గడ్డి పరిచి తడుపుతూ ఉండండి. పక్కలకు తడి గోనెలు కట్టేటప్పుడు గాలి ఆడే సందు తప్పనిసరిగా వదలాలి. గాలి కదలని షెడ్డులో తేమ పెరిగితే వగర్పు వల్ల వచ్చే చల్లదనం కూడా కోడికి దక్కదు.

మందులమ్మే వారి మూలికా ద్రావణం కొనాలనుకుంటే, ఏ మూలిక ఎంత ఉందో సీసా మీద రాయనిది కొనకండి. టీకాను నీటిలో ఇచ్చే రోజున ఆ నీటిలో మూలికలు, మందులు ఏవీ కలపవద్దు.

ఈ బ్యాచ్‌లోనే షెడ్డును వలతో రెండు భాగాలు చేసి, ఒక భాగానికి మాత్రమే మూలికల మేత పెట్టి, రెండు వైపులా బరువులు, చావులు విడివిడిగా రాసుకోండి. చావులు వస్తే చనిపోయిన కోడిని వెంటనే పశువైద్యుని చేత కోయించండి. ఎండకు పోయిన కోడి రొమ్ము కండ ఉడికించినట్లు తెల్లగా పాలిపోయి ఉంటుంది. అలా లేకపోతే కొక్కెర వంటి రోగమేదైనా ఉందేమో చూడాలి, అప్పుడు చికిత్స దారి వేరు.