(−8)^(2/3) విలువ 4 ఎందుకు, −4 ఎందుకు కాదు

(−8)^(2/3) లెక్కిస్తే మీకు ఒకసారి 4, మరోసారి −4 వచ్చాయని, కంప్యూటర్ ఈ రెండూ కాని సంఖ్యను చూపిందని రాశారు. ముందుగా బ్రాకెట్లు చూడండి. −8^(2/3) అని రాస్తే ఘాతం 8కి మాత్రమే వర్తిస్తుంది, రుణ గుర్తు బయటే ఉండిపోతుంది. అందుకే −4 వచ్చింది. (−8)^(2/3) అయితే రుణ గుర్తు కూడా ఘాతంలో పాల్గొంటుంది.

భిన్న ఘాతాంకంలో హారం ఎన్నో మూలమో చెబుతుంది, లవం ఎన్నో ఘాతమో చెబుతుంది. మూలం ముందు తీయండి, సంఖ్యలు చిన్నవవుతాయి. −8 ఘనమూలం −2, దాని వర్గం 4. అలాగే (−32)^(3/5)లో అయిదో మూలం −2, దాని ఘనం −8. హారం సరిసంఖ్య అయితే, ఉదాహరణకు (−16)^(3/4), వాస్తవ సంఖ్యల్లో జవాబే లేదు. ఒకే వాస్తవ సంఖ్యను నాలుగుసార్లు రాసి వాటిని ఒకదానితో ఒకటి గుణిస్తే ఎప్పుడూ −16 రాదు కదా!

ఇక్కడే చాలామంది జారిపడే చోటు ఒకటుంది. భిన్నాన్ని ముందు కనిష్ఠ రూపంలోకి తేవాలి. (−8)^(2/6)లో ముందే వర్గం చేస్తే 64, దాని ఆరో మూలం 2. కానీ 2/6 అంటే 1/3, కాబట్టి సరైన విలువ −2. ఘాతాంక న్యాయాలన్నీ ధన సంఖ్యలకే పూర్తి హామీ ఇస్తాయి. రుణ సంఖ్య దగ్గర వాటిని కళ్లు మూసుకుని వాడకండి.

ఇక కంప్యూటర్ సంగతి. అది తప్పు చేయలేదు. −8కి సంకీర్ణ సంఖ్యల్లో (వాస్తవ భాగంతో పాటు, −1 వర్గమూలంతో కూడిన కల్పిత భాగం కూడా ఉండే సంఖ్యల్లో) మూడు ఘనమూలాలున్నాయి. చాలా సాఫ్ట్‌వేర్లు వాటిలో ప్రధాన మూలాన్నే, అంటే నియమం ప్రకారం ముందుగా తీసుకునే మూలాన్నే ఎంచుకుంటాయి, అది −2 కాదు. దాన్ని వర్గం చేస్తే వాస్తవ భాగం −2, కల్పిత భాగం సుమారు 3.46 వస్తాయి. మీ తెరపై కనిపించింది బహుశా అదే. ఘనమూలానికి విడిగా ఉన్న మీట నొక్కి, తర్వాత వర్గం చేసి చూడండి, 4 వస్తుంది.