గల్ఫ్‌ల హక్కుల సంగతి సరే, మన దగ్గరి కాయితాల సంగతేంది?

"దేశానికో తీరు హక్కులుంటే ప్రపంచీకరణ న్యాయంగ ఎట్ల నడుస్తది?" అని అడిగిన్రు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు ప్రపంచీకరణ అంటే దుబాయి, మస్కట్, సౌదీ. అక్కడి చట్టాలనే అందరు తిడ్తరు. నన్నడిగితే సగం తప్పు మన దగ్గరనే ఉన్నది.

2020 ఆగస్టు ఆఖరున ఖతర్ కనీస జీతం 1,000 రియాళ్లని ప్రకటించింది. సుమారు 275 డాలర్లు. తిండి, వసతి కంపెనీ ఇయ్యకుంటే ఇంకో 800 రియాళ్లు. పాత యజమాని ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాయితం) లేకుండనే కొలువు మారొచ్చన్నది. సరిగ్గ ఆ మర్సటి నెల, సెప్టెంబర్ల, మన కేంద్రం ఏం జేసింది? గల్ఫ్‌కు పోయెటోళ్లకు తనే పెట్టిన కనీస రెఫరల్ వేతనాన్ని (ఇంతకంటే తక్కువ జీతానికి పంపొద్దన్న హద్దును) 30 నుంచి 50 శాతం కోసింది. ఖతర్‌కు 200 డాలర్లే! కరోనాల కొలువులు పోవద్దని తగ్గించినమన్నరు. కొనెటోడు రేటు పెంచుతుంటే అమ్మెటోడు దించినట్టు. తెలంగాణ హైకోర్టుల వ్యాజ్యం పడ్డది, 2021ల ఆ ఉత్తర్వులు వాపస్ తీసుకున్నరు. 2022 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ టైంల టీవీలల్ల ఖతర్‌ను కడిగినోళ్లు ఈ ముచ్చట ఎత్తినట్టు యాదికి లేదు.

ఇగ పోయెటోళ్ల సంగతి. పదో తరగతి పాస్ కానోళ్లది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే కొలువుకు పోవాల్నంటే సర్కారు క్లియరెన్స్ కావాలె. ఈ-మైగ్రేట్ అనే కేంద్రం వెబ్‌సైట్ల కాంట్రాక్టు ఎక్కినంకనే ఆ క్లియరెన్స్. ఏజెంటు తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకు మించి అడిగితే రసీదు అడుగుండ్రి, మాట మారుతది. ప్రవాసీ భారతీయ బీమా రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు. ప్రమాదంల చనిపోతే ఇంటోళ్లకు 10 లక్షలు. విజిట్ వీసా మీద పంపితే ఇవేవీ ఉండయి. ఆజాద్ వీసా అంతకంటే మోసం: కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర పని ఉండది, బయట చేస్తే చట్టం ఒప్పుకోది.

ఎక్కువ మంది మునిగేది రెండో కాంట్రాక్టు కాడ. ఇక్కడ మేస్త్రీ అని రాస్తరు, అక్కడ దిగినంక హెల్పర్ అని అరబ్బీల రాసి సంతకం పెట్టిస్తరు. జీతం పడిపోతది. ఈ-మైగ్రేట్ కాపీ ఇంట్ల ఒకటి, ఫోన్‌ల ఒకటి ఉంటే ఎంబసీల మాట నిలవడ్తది. జీతం ఆగితే కోపానికొచ్చి క్యాంపు ఇడిసి పోవద్దు. సౌదీల కఫీల్ 'హురూబ్' (పని ఇడిసి పారిపోయిండని ఫిర్యాదు) రాయించిండంటే మనిషి ఖల్లివల్లి (సరైన కాయితాలు లేనోడు) అయ్యే ముప్పుంటది, బాకీ జీతం అడిగే బలం తగ్గుతది. ముందు లేబర్ ఆఫీసుల ఫిర్యాదు, దాని నంబరు చేతికొచ్చినంకనే మిగతాది.