రెండు గెలాక్సీలు కలిస్తే మధ్యలో ఉన్న బ్లాక్ హోల్స్ ఏమవుతాయి?

చాలావరకు అవి కూడా కలిసిపోయి ఒకటే అవుతాయి, కాకపోతే ఢీకొన్న వెంటనే కాదు, కోట్ల ఏళ్లు పడుతుంది. మొదట వాటి మధ్య దూరమే వేల కాంతి సంవత్సరాలు ఉంటుంది, పోయే దారిలో ఒక్కో బ్లాక్ హోల్ చుట్టుపక్కల నక్షత్రాల్ని లాగి విసిరేస్తుంటే వాటికి స్పీడ్ పెరిగి దీనికి తగ్గుతుంది, అలా మెల్లగా నడిమధ్యకి జారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి, బాగా దగ్గరయ్యాక మిగిలిన శక్తి గురుత్వ తరంగాలుగా, అంటే స్థలకాలంలో పుట్టే అలలుగా, బయటికి పోయి కలిసిపోతాయి. ఈ గొడవలో గ్యాస్ కూడా మధ్యకి వచ్చి పడుతుంది కదా, అది బాగా మేసి ఈలోపే రెండూ బలుస్తాయి.

ఎన్‌జీసీ 6240 గెలాక్సీనే చూడండి, ఇలాంటి రెండు బ్లాక్ హోల్స్ సుమారు 3,000 కాంతి సంవత్సరాల ఎడంలో ఉన్నట్టు చంద్ర ఎక్స్‌రే టెలిస్కోప్ 2002లో పట్టేసింది.

చాలామంది అనుకునేట్టు బ్లాక్ హోల్ వాక్యూమ్ క్లీనర్‌లా గెలాక్సీ మొత్తాన్నీ పీల్చేయదు. మన పాలపుంత మధ్యలో ఉన్నదాని బరువు దాదాపు 40 లక్షల సూర్యుళ్లంత, అయినా దాని పక్కనే ఎస్2 అనే నక్షత్రం 16 ఏళ్లకో చుట్టు చొప్పున హాయిగా తిరుగుతోంది.